నేల తుడిచే యంత్రం ఆగిపోయింది, తప్పంతా నాదేనంటున్నారు

ఈ వారం ఉత్తరం కోవూరు నుంచి వచ్చింది. రాసినావిడ వయసు 39 సంవత్సరాలు. తన పేరు గానీ, పనిచేసే ఆసుపత్రి పేరు గానీ బయటపెట్టవద్దని కోరారు. రోజూ పెన్న దాటి నెల్లూరు వచ్చి ఒక ప్రైవేటు ఆసుపత్రిలో హౌస్‌కీపింగ్ సూపర్‌వైజరుగా పనిచేస్తున్నారు. 11 ఏళ్ల క్రితం చీపురు పట్టుకొని చేరిన చోటనే ఇప్పుడు 14 మందికి డ్యూటీలు వేస్తున్నారు. జీతం మాత్రం ఆసుపత్రి ఇవ్వదు; మనుషులను సరఫరా చేసే ఏజెన్సీ ఇస్తుంది.

రెండేళ్ల క్రితం ఆసుపత్రివారు బ్యాటరీతో నడిచే స్క్రబ్బర్ యంత్రం కొన్నారు. అది ముందు నీళ్లు వదిలి, బ్రష్షుతో రుద్ది, వెనుక ఉన్న రబ్బరు పట్టీతో మురికినీటిని పీల్చుకుంటూ పోతుంది. 6 వోల్టుల బ్యాటరీలు నాలుగింటిని వరుసగా కలిపి, 24 వోల్టులతో నడుపుతారు. యంత్రంతో పాటు వచ్చిన బ్యాటరీలకు మూతలు లేవు, నీళ్లు పోసే పనీ లేదు. అవి 14 నెలలకు పోయాయి. తరువాత మెయింటెనెన్స్ విభాగంవారు ఊళ్లోనే కొని బిగించిన సెట్టుకు మాత్రం ఒక్కో బ్యాటరీకి మూడేసి మూతలున్నాయి. ఆ సెట్టు 9 నెలలకే నీరసించింది. మొదట్లో ఒక ఛార్జింగుకు దాదాపు మూడు గంటలు నడిచిన యంత్రం ఇప్పుడు 40 నిమిషాలకే ఎర్ర లైటు చూపిస్తోంది.

యంత్రాన్ని ఉంచేది మెట్ల కింది స్టోరు గదిలో. కిటికీ లేని ఆ గదిలో ఫినాయిలు డబ్బాలు, మాపు కర్రలు, గోడకు వేంకటేశ్వరస్వామి పటం, దాని ముందు రోజూ వెలిగే దీపం ఉంటాయి. తెల్లవారుజామున 5 గంటలకు, మధ్యాహ్నం 2 గంటలకు, రాత్రి 9 గంటలకు యంత్రం నడుస్తుంది. నడుమ దొరికిన అరగంట, గంట ఛార్జింగు పెడతారు. రాత్రి పెట్టినది తెల్లవారేదాకా ఉండాలి గానీ, నైట్ డ్యూటీ కుర్రాడు ఆ ప్లగ్గు తీసి తన సెల్‌ఫోను పెట్టుకుంటాడు. ప్రతి సోమవారం ఉదయం ఈమె స్వయంగా మూతలు విప్పి, ఆర్వో ప్లాంటు నీళ్లో, ఏసీ గొట్టం కింద పట్టిన నీళ్లో నిండా పోసి, ఆ తరువాత ఛార్జింగు పెడతారు. కొన్ని వారాలుగా నాలుగింటిలో ఒక బ్యాటరీ చెయ్యి పెట్టలేనంత వేడెక్కుతోంది, నీళ్లు కూడా దానికే ఎక్కువ పడుతున్నాయి, గదిలో కుళ్లిన కోడిగుడ్డు వాసన వస్తోంది. ఆ వాసన వార్డులోకి రాకుండా యంత్రం పైమూత దించి, గది తలుపు వేసి ఛార్జింగు పెట్టమని పైవాళ్లు చెప్పారు.

పోయిన నెల ఒక రాత్రి, కొత్తగా చేరిన అమ్మాయి ఛార్జరు ఆపకుండానే బ్యాటరీ వైపు ప్లగ్గు లాగింది. నిప్పురవ్వ లేచి, ‘ఠప్’మని పేలినట్టయి, ఒక మూత ఎగిరి గోడకు తగిలింది. యాసిడ్ చుక్కలు ఆ అమ్మాయి ముంజేతి మీద, చున్నీ మీద పడ్డాయి. కళ్లలో పడలేదు. మరునాడే మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జి ‘నీళ్లు పోసేది ఈమే, మనుషులు ఈమె మనుషులే’ అని రాసిచ్చాడు. కొత్త సెట్టు ఖరీదులో సగం ఈమె జీతంలో నెలనెలా కోస్తామని మేనేజరు అంటున్నారు. ఆ సొమ్ము ఈమె రెండు నెలల జీతం కంటే ఎక్కువ. ఇంకోవైపు, బ్యాటరీ దుకాణం ఉన్న మరిది, ‘వదినా, రెండు లారీ బ్యాటరీలు తక్కువ ధరకు ఇస్తాను, సమస్య తీరిపోతుంది’ అంటున్నాడట. ఆమె అడిగినవి మూడు ప్రశ్నలు: తప్పు నిజంగా నాదేనా, ఏ బ్యాటరీలు వేయించాలి, ఈ ఉద్యోగం మానేయాలా.

అమ్మా, మీ మూడు ప్రశ్నల కంటే ముందు, మీరు అడగని ప్రశ్న ఒకటుంది: ఈ రాత్రి ఆ యంత్రానికి ఛార్జింగు పెట్టవచ్చా? పెట్టవద్దు. ఉత్తరం చదివినప్పటి నుంచి నన్ను కలవరపెడుతున్నది మీ జీతం కోత కాదు, వేడెక్కుతున్న ఆ ఒక్క బ్యాటరీ. ఆరు వోల్టుల బ్యాటరీలో మూడు సెల్లులు, అంటే విడివిడి అరలు, ఉంటాయి, నాలుగింటిలో కలిపి పన్నెండు. ఒక సెల్లు లోపల సీసపు ప్లేట్లు ఒకదానికొకటి తగిలి షార్టయిందనుకోండి, ఆ సంగతి ఛార్జరుకు తెలియదు. 28 వోల్టుల పైచిలుకు వచ్చేదాకా కరెంటు నెడుతూనే ఉంటుంది. పన్నెండు సెల్లులు పంచుకోవలసిన వోల్టేజీని పదకొండు పంచుకోవలసి వస్తుంది. 28.2 వోల్టులను పన్నెండుతో భాగిస్తే సెల్లుకు 2.35, పదకొండుతో భాగిస్తే 2.56. చూడటానికి చిన్న తేడాయే గానీ, మంచి సెల్లులు కూడా ఉడికినట్టు బుడగలు కక్కడానికి అది చాలు. చెయ్యి కాలే వేడికి, ఒక్కదానికే నీళ్లు ఎక్కువ పట్టడానికి, ఆ వాసనకు ఇదే కారణమై ఉండే అవకాశం ఎక్కువ. పరీక్ష చేయించేదాకా యంత్రాన్ని పక్కన పెట్టి, మాపులతో నడిపించండి. సిబ్బంది గొణుగుతారు, గొణగనివ్వండి.

వాసన గురించి మరొక మాట. ఛార్జింగులో వచ్చే హైడ్రోజన్‌కు రంగూ లేదు, వాసనా లేదు. మీకు వస్తున్నది హైడ్రోజన్ సల్ఫైడ్ వాసన, అది విషవాయువు. బ్యాటరీ అతిగా వేడెక్కి, లోపల చెడిపోతున్నప్పుడు వస్తుంది. వాసన లేని రోజున గ్యాసు లేదనుకోవడం ఎంత పొరపాటో, వాసన వచ్చిన రోజున తలుపు మూయడం అంతకు మించిన పొరపాటు. అది మీరు చేసిన నిర్ణయం కాదని ఉత్తరంలో స్పష్టంగా ఉంది. ఆ మాట ఎవరు, ఏ రోజున చెప్పారో గుర్తున్నంతవరకు రాసి పెట్టుకోండి, తరువాత అవసరపడుతుంది.

ఒక లెక్క చెబుతాను, మీ మేనేజరుకు కూడా చూపించండి. బ్యాటరీ నిండిన తరువాత కూడా లోపలికి పోయే ప్రతి ఆంపియర్-గంటకు (ఒక ఆంపియరు కరెంటు గంటసేపు పోతే అంత) ఒక్కో సెల్లు నుంచి సుమారు 0.42 లీటర్ల హైడ్రోజన్ పుడుతుంది. పన్నెండు సెల్లులకు 5 ఆంపియర్ల చొప్పున గంటసేపు పోతే దాదాపు 25 లీటర్లు. గాలిలో హైడ్రోజన్ 4 శాతం చేరితే చాలు, నిప్పురవ్వ తగలగానే అంటుకుంటుంది. పైమూత దించిన యంత్రంలో బ్యాటరీల మీద మిగిలే ఖాళీ 50 లీటర్లనుకుందాం. దానిలో 4 శాతమంటే 2 లీటర్లు, అంటే అయిదు నిమిషాల పని. అందుకే ఛార్జింగు సాగినంతసేపూ మురికినీటి ట్యాంకు ఖాళీ చేసి, పైమూత ఎత్తి నిలబెట్టి ఉంచాలి. ఆ రాత్రి పేలింది మూత కింద చేరిన గ్యాసే అయి ఉంటుంది. ఆ అమ్మాయి లాగిన ప్లగ్గు దానికి అగ్గిపుల్ల అయింది, అంతే.

ఇక ఆ గది. కిటికీ లేని మెట్ల కింది గదిలో, వెలిగే దీపం పక్కన ఛార్జింగు పెట్టడం ఇంతకాలం ఇంతకంటే పెద్ద ప్రమాదం లేకుండా గడిచిందంటే నాకు ఆశ్చర్యమే. హైడ్రోజన్ గాలి కంటే చాలా తేలిక, పైకి లేచి కప్పు కింద నిలబడుతుంది. గది మారడమే మేలు. వెనుక వైపు వాన తగలని వరండా దొరికితే అంతకంటే మంచి చోటు లేదు. ఆక్సిజన్ సిలిండర్లకు, రోగుల పడకలకు దూరంగా ఉండాలి. గది మార్చడం కుదరదంటే తలుపుకు కింద, గోడకు పైన కప్పును ఆనుకొని గాలి కన్నాలు పెట్టించి, తలుపు తెరిచి ఉంచాలి. అయితే మెట్ల కింద గ్యాసు పైకి పోయేది ఎక్కడికి? మనుషులు నడిచే మెట్ల మీదికే. కాబట్టి ఆ రెండో దారిని నేను సగం మనసుతోనే చెబుతున్నాను. స్వామివారి పటాన్ని వేరే గదికి మర్యాదగా మార్చండి. దసరాకు ఆయుధపూజ చేస్తారు గదా, ఆ రోజున కూడా ఛార్జరు పూర్తిగా తీసేసి, గ్యాసు పోయిన తరువాతే పైమూత దించి, యంత్రాన్ని ఆరుబయటికి తెచ్చి పసుపు కుంకుమ పెట్టి హారతి ఇవ్వండి.

ప్లగ్గుల క్రమాన్ని మీ మనుషులకు నోటికి వచ్చేదాకా చెప్పించాలి. పెట్టేటప్పుడు ముందు బ్యాటరీ వైపు ప్లగ్గు, తరువాత గోడ స్విచ్చి. తీసేటప్పుడు ముందు గోడ స్విచ్చి ఆపి, ఛార్జరు లైట్లు ఆరిన తరువాత బ్యాటరీ వైపు ప్లగ్గు. కళ్లద్దాలు, రబ్బరు తొడుగులు, ఏప్రాన్ లేకుండా ఎవరూ మూత విప్పకూడదు. ఆసుపత్రిలో వీటికి కరువుండదు. ఉంగరాలు, లోహపు గాజులు, చేతి గడియారం తీసేయాలి, నల్లపూసల గొలుసు జాకెట్టు లోపలికి వేసుకోవాలి. మా ఆడవాళ్లకు ఇలాంటివి చెప్పడమేమిటని మీ మేనేజరు నవ్వవచ్చు. రొయ్యల శుద్ధి కర్మాగారంలో బ్యాటరీ ట్రక్కులు చూసుకునే రోజుల్లో నా ఉంగరం ఒక టెర్మినలుకూ, చేతిలోని పానాకూ మధ్య పడింది. రెప్పపాటులో బంగారం ఎర్రబడి వేలికి అంటుకుపోయింది. ఆ మచ్చ ఇప్పటికీ ఉంది. పానా పిడికి ఇన్సులేషన్ టేపు చుట్టించండి. యాసిడ్ నేల మీద ఒలికితే, లీటరు నీటిలో 100 గ్రాముల వంటసోడా కలిపి పొయ్యాలి. ఆ సోడానీళ్లు బ్యాటరీ లోపలికి మాత్రం ఒక్క చుక్క పోకూడదు. ఒంటి మీద పడితే ధారాళంగా నీళ్లు, కంట్లో పడితే కనీసం 15 నిమిషాలు ఆగకుండా నీళ్లు, ఆ తరువాతే డాక్టరు.

ఇప్పుడు మీ మొదటి ప్రశ్న. తప్పు మీదేనా? మీ వాటా కొంత ఉంది, దాచకుండా చెబుతాను. కానీ మీ మీద వేసినంత లేదు.

మీ వాటా నీళ్లలో ఉంది. మీరు ఛార్జింగుకు ముందు నిండా పోస్తున్నారు. ఛార్జింగులో ద్రవం వేడెక్కి, బుడగలు పుట్టి పొంగుతుంది. నిండుకుండకు పొంగే చోటు లేక యాసిడ్ మూతల్లోంచి బయటికి వస్తుంది. ట్రే ఎప్పుడూ తడిగా ఉంటోందని, టెర్మినళ్ల మీద తెల్లటి పూత పేరుకుంటోందని రాశారు, అది ఇదే. పొంగిపోయింది యాసిడ్, మీరు తిరిగి పోస్తున్నది నీళ్లు, కాబట్టి వారం వారం లోపలి ద్రవం పలచబడుతుంది. పద్ధతి ఇది: ముందు మూతలు తీసి చూడాలి. ప్లేట్లు బయటపడి ఉంటేనే అవి మునిగేటంత మాత్రం పోసి, ఛార్జింగు పూర్తిగా అయ్యాక, మూత కింద దిగే గొట్టం అడుగు అంచుకు సుమారు 6 మిల్లీమీటర్లు తక్కువ ఉండేటట్టు నింపాలి. పలచబడింది గదా అని ఎవరైనా యాసిడ్ పోయమంటే వినవద్దు. పైభాగాన్ని తడిగుడ్డతో తుడిచి, వైర్ల కొసల లగ్గులు శుభ్రం చేసి, వాజెలిన్ రాయడం నెలకొకసారి చాలు.

ఏ నీళ్లన్నది మరో విషయం. మన సముద్రతీర మండలాల్లో బోరునీరు ఉప్పన, పడమటి వైపు కనిగిరి ప్రాంతంలో ఫ్లోరైడు. అలవాటుగా మనం ఆర్వో నీటిని స్వచ్ఛమైనదని నమ్ముతాం. అది తాగడానికి స్వచ్ఛం, బ్యాటరీకి కాదు, ఎందుకంటే దానిలో ఇంకా లవణాలు మిగిలే ఉంటాయి. ఏసీ నీళ్లు ఆవిరి చల్లబడి వచ్చినవే అయినా, రాగి గొట్టాలనూ దుమ్మునూ తాకి వస్తాయి. డిస్టిల్డ్ వాటర్ తప్ప ఇంకేదీ వద్దు. పరికరాలను ఆవిరితో శుద్ధి చేసే ఆటోక్లేవుల కోసం మీ ఆసుపత్రిలోనే అది తెప్పిస్తూ ఉండవచ్చు, స్టోరులో ఒకసారి అడిగి చూడండి. ప్లాస్టిక్ గరాటుతోనే పోయాలి, ఇనుప చెంబుతో కాదు. ఆర్వో నీళ్లు పోయమని మీకు చెప్పింది మెయింటెనెన్స్ వారేనని ఉత్తరంలో ఒకచోట పక్కమాటగా రాశారు. అది పక్కమాట కాదమ్మా, సంజాయిషీలో ముందు వరుసలో ఉండవలసిన మాట.

ఇక మీ చేతిలో లేనివి చూద్దాం. ఉత్తరంలో నన్ను అన్నింటికంటే ఎక్కువగా ఆపిన వాక్యం, మొదటి సెట్టుకు మూతలు లేవు, రెండో సెట్టుకు ఉన్నాయి అన్నది. మొదటివి యాసిడ్‌ను ముద్దలా గడ్డకట్టించిన జెల్ రకమో, గాజునూలు పొరల్లో పీల్పించిన ఏజీఎమ్ రకమో అయి ఉండాలి, రెండోవి నీళ్లు పోసే బ్యాటరీలు. ఈ రకాలకు ఛార్జింగు వోల్టేజీ ఒకటి కాదు. జెల్ అమరికలో (సెట్టింగులో) ఛార్జరు సెల్లుకు 2.35 వోల్టుల దరిదాపులో ఆగుతుంది. నీళ్ల బ్యాటరీకి 2.45 దాకా పోవాలి, అప్పుడప్పుడు అన్ని సెల్లులనూ సమం చేయడానికి ఇంకా పైకి కూడా పోవాలి. చాలా ఛార్జర్ల మీద గానీ లోపల గానీ రకం మార్చే చిన్న స్విచ్చి ఉంటుంది. చాలా యంత్రాల్లో ఎర్ర లైటు వెలిగించి యంత్రాన్ని ఆపే సర్క్యూట్ కార్డులో కూడా విడిగా మరో అమరిక ఉంటుంది. బ్యాటరీల రకం మార్చిన రోజున ఈ రెండింటినీ మార్చారా? మార్చకపోతే, ఆ బ్యాటరీలు తొమ్మిది నెలల్లో ఒక్కసారైనా కడుపు నిండా తినలేదన్నమాట. అర్ధాకలితో ఉన్న ప్లేట్ల మీద సల్ఫేటు గట్టిపడుతుంది, గట్టిపడిన సల్ఫేటు తేలిగ్గా తిరిగి కరగదు. ఈ ఒక్క ప్రశ్నను మెయింటెనెన్స్ ఇన్‌ఛార్జికి కాగితం మీద వేయండి.

అరగంట ఛార్జింగుల అలవాటు కూడా ఇదే రోగాన్ని పెంచింది. మొదటి సెట్టు 14 నెలలకు పోవడంలో కూడా దీనికి, ఆ ఉక్కగదికి వాటా ఉందని నా అనుమానం. ఖాళీ అయిన సెట్టు పూర్తిగా నిండడానికి ఎనిమిది నుంచి పది గంటలు పడుతుంది. మొదటి గంటల్లో ఎక్కువ భాగం త్వరగా నిండినా, చివరి భాగం నెమ్మదిగానే ఎక్కుతుంది. బ్యాటరీని బతికించేది ఆ చివరి భాగమే. మీరు రోజుకు మూడుసార్లు మొదలుపెట్టి మూడుసార్లూ సగంలో ఆపుతున్నారు. దీనికి దారి, రాత్రి తుడిచే పనిని 8 గంటలకల్లా ముగించి, ఉదయం 6 దాకా యంత్రాన్ని కదపకపోవడం. ఓపీ హాలు ఉదయం 5కే శుభ్రం కావాలని నర్సింగ్ సూపరింటెండెంటు పట్టుబడితే, రాత్రి పనిని మాపులకు వదిలి, యంత్రాన్ని ఉదయం, మధ్యాహ్నం మాత్రమే నడిపించి, సాయంత్రం నుంచి ఛార్జింగు పెట్టండి. రెండింటిలోనూ ఎవరికో కొంత ఇబ్బంది ఉంటుంది. రెండూ కుదరవంటే, మూడు పూటలా నడపడానికి రెండో సెట్టు బ్యాటరీలో, రెండో యంత్రమో కొనాలని యాజమాన్యమే తేల్చుకోవాలి. ఏ పూటా ఎర్ర లైటు వచ్చేదాకా లాగవద్దు. సగం వాడి నింపిన బ్యాటరీ, పూర్తిగా పిండి నింపిన దానికంటే చాలా ఎక్కువ కాలం నిలుస్తుంది. వాడిన దాన్ని నింపకుండా రాత్రంతా వదిలేయడం అన్నింటికంటే చెడ్డ అలవాటు.

నైట్ డ్యూటీ కుర్రాణ్ణి తిట్టి ప్రయోజనం లేదు. అతడికి ఫోను పెట్టుకోవడానికి వేరే ప్లగ్గు చూపించండి. ఛార్జరుకు మాత్రం ఎర్తు ఉన్న 16 ఆంపియర్ల విడి సాకెట్టు ఉండాలి, ఎక్స్‌టెన్షన్ బాక్సు మీద పెట్టకూడదు. కరెంటు పోయి వచ్చినప్పుడు ఛార్జరు మళ్లీ మొదటి నుంచి మొదలుపెడుతోందేమో, లైట్లు చూసి అతడే రాసి పెట్టవచ్చు. మన ఎండలను కూడా లెక్కలోకి తీసుకోవాలి. 25 డిగ్రీల పైన ప్రతి 10 డిగ్రీల వేడికి ఈ రకం బ్యాటరీ ఆయుష్షు ఇంచుమించు సగమవుతుంది. రోహిణి కార్తెలో నెల్లూరు మెట్ల కింది గది ఎలా ఉంటుందో మీకు వేరే చెప్పనక్కరలేదు. వేసవిలో నీటిమట్టం వారానికొకసారి తప్పక చూడాలి.

ఊహలు ఎన్నయినా చెప్పవచ్చు, అంకెలు ఉంటేనే మీ మాటకు బలం. నాలుగు బ్యాటరీలనూ యంత్రం నుంచి విడదీసి, అనుభవం ఉన్న మెకానిక్కు చేత, గాలి వచ్చే చోట, మనిషి కాపలాతో, ఒక్కొక్కటిగా విడి ఛార్జరుతో నింపించండి. వేడెక్కేదాన్ని మాత్రం ముందే వోల్టేజీ చూశాకే ముట్టుకోవాలి. కొన్ని గంటలు ఊరకే ఉంచిన తరువాత మల్టీమీటరు పెడితే మంచి బ్యాటరీ 6.3 వోల్టులకు అటూ ఇటూ చూపించాలి. 4.2 దగ్గర ఉంటే ఒక సెల్లు పూర్తిగా పోయినట్టే, దాన్ని ఇక ఛార్జింగు పెట్టనక్కరలేదు. తరువాత హైడ్రోమీటరు, అంటే ద్రవం చిక్కదనాన్ని కొలిచే గాజు గొట్టం. ఒక్కో మూత తీసి, ద్రవాన్ని రెండు మూడుసార్లు లాగి వదిలి, చదివి, పన్నెండు సెల్లుల అంకెలూ రాయాలి. నిండిన సెల్లు సాధారణంగా 1.260 నుంచి 1.280 మధ్య ఉంటుంది, మీ బ్యాటరీ కంపెనీవారు ఇచ్చిన అంకెతో సరిచూసుకోవాలి. సెల్లుకు సెల్లుకు తేడా 0.050 దాటితే తక్కువ చూపినది జబ్బు సెల్లు. అన్నీ సమానంగా తక్కువగా ఉంటే మాత్రం అది ఒక సెల్లు జబ్బు కాదు, అర్ధాకలి గానీ, యాసిడ్ పొంగిపోయి పలచబడటం గానీ, రెండూ గానీ. అప్పుడు ఛార్జరు అమరిక సంగతి కూడా తేల్చమని అడగడానికి ఆ కాగితమే మీకు ఆధారం.

రెండో ప్రశ్నకు సమాధానం ఆ అంకెల మీదే ఆధారపడుతుంది. ఒక్కటే చెడి, మిగతా మూడూ బాగుంటే, అదే కంపెనీ, అదే సామర్థ్యం గలదాన్ని ఒకటి కొని నడపవచ్చు. ఖర్చు తక్కువ. కానీ తొమ్మిది నెలలు నలిగిన మూడింటి మధ్య కొత్తది ఎక్కువకాలం కొత్తగా ఉండదు. వరుసలో కలిపిన బ్యాటరీలు బలహీనమైనదాని నడకే నడుస్తాయి. ఆరు నెలలు దాటిన సెట్టులో కొత్తది కలపడాన్ని నేను సిఫారసు చేయను. కొత్త బడ్జెట్టు వచ్చేదాకా కొన్ని నెలలు నెట్టుకురావడానికైతే సరే.

మీ మరిది చెప్పిన లారీ బ్యాటరీలు వద్దు. అవి మంచివి కావని కాదు, వాటిని తయారుచేసింది వేరే పనికి. ఇంజను తిప్పడానికి కొద్ది క్షణాలు పెద్ద కరెంటు ఇచ్చేందుకు వాటి ప్లేట్లు పలుచగా, ఎక్కువగా ఉంటాయి. గంటల తరబడి ఖాళీ చేస్తే కొద్ది నెలల్లో రాలిపోతాయి. ఇన్వర్టరుకు వాడే ట్యూబులర్ బ్యాటరీలు లోతుగా వాడటానికి పనికివస్తాయి గానీ, ఆ ఎత్తు యంత్రంలో పట్టదు, కుదుపులకు అవి తయారు కావు. దీనికి మించిన కారణం మరొకటుంది. మీ మీద నింద ఉన్న సమయంలో మీ బంధువు దుకాణం నుంచి సరుకు వస్తే, రేపు అవి పోయిన రోజున మాట ఎక్కడికి పోతుందో మీకు తెలుసు. మరిదికి నొప్పి కలగకుండా, ఆసుపత్రి లోపల కొనుగోళ్లు నా చేతిలో లేవని చెప్పండి. అది నిజమే గదా.

నాలుగూ కొత్తవి వేయడానికి యాజమాన్యం ఒప్పుకుంటే, నీళ్ల రకమా, మూతలు లేని రకమా అన్నది తేల్చాలి. నీళ్ల రకం చవక, చూసుకుంటే ఎక్కువ కాలం నిలుస్తుంది. చూసుకోవడమంటే గది, డిస్టిల్డ్ వాటర్, కళ్లద్దాలు, ఒక బాధ్యుడు. ఏజీఎమ్, జెల్ ఖరీదెక్కువ, నీళ్లు పోసే పని లేదు, మామూలుగా గ్యాసు చాలా తక్కువ. అతిగా ఛార్జి చేస్తే మాత్రం అవీ గ్యాసు వదులుతాయి, పోయిన నీటిని తిరిగి పోసే వీలు లేదు కాబట్టి తప్పుడు అమరికను అసలు క్షమించవు. గదిని మార్చడానికి ఇష్టపడని ఆసుపత్రి అయితే నేను మూతలు లేని రకమే కొనమంటాను. లిథియం గురించి ఎవరైనా చెబితే, ఛార్జరు కూడా మార్చాలని, యంత్రం కంపెనీ ఒప్పుకోవాలని గుర్తుంచుకోండి. పాతవాటిని ఎవరికిబడితే వారికి తూకానికి వేయవద్దు. 2022 నాటి బ్యాటరీ వ్యర్థాల నిబంధనల కింద అవి అధీకృత రీసైక్లర్లకే చేరాలి. కొత్తవి అమ్మే డీలరుకే అప్పగించి, ధరలో తగ్గించిన మొత్తాన్ని బిల్లులో రాయించుకోమనండి.

జీతం కోత విషయానికి వస్తే, మీ ముందు మూడు దారులున్నాయి. మాట్లాడకుండా కోతకు ఒప్పుకోవడం ఒకటి. ఉద్యోగం నిలుస్తుంది, కానీ తప్పు ఒప్పుకున్నట్టు కాగితం మీద ఉండిపోతుంది, ఆ గది అలాగే ఉంటుంది. రెండోది రాతపూర్వకంగా సంజాయిషీ ఇవ్వడం. మన వేతన చట్టం ప్రకారం, ఉద్యోగికి అప్పగించిన వస్తువు అతని నిర్లక్ష్యం వల్ల నేరుగా నష్టపోయినప్పుడు మాత్రమే, అదీ అతని వాదన చెప్పుకునే అవకాశం ఇచ్చిన తరువాతే, జీతంలో కోయవచ్చు. నష్టాన్ని మించి కోయకూడదు. మీకు జీతం ఇచ్చేది ఏజెన్సీ కాబట్టి, ఆసుపత్రి మేనేజరు నోటిమాటతో కోత పడదు. ఏజెన్సీ మీకు నోటీసు ఇవ్వాలి. సంజాయిషీలో ఎవరినీ తిట్టవద్దు. యంత్రాన్ని మీకు రాతపూర్వకంగా ఎప్పుడైనా అప్పగించారా, శిక్షణ ఇచ్చారా, తలుపు మూయమన్నది ఎవరు, ఆర్వో నీళ్లు పోయమన్నది ఎవరు, రకం మార్చినప్పుడు ఛార్జరు అమరిక మార్చారా, ఈ ప్రశ్నలూ పన్నెండు అంకెలూ చాలు. నిండా పోసిన తప్పును మీరే ముందుగా, ఒక్క వాక్యంలో ఒప్పుకోండి. అది దాచి తరువాత బయటపడితే మిగతా వాక్యాల విలువ పోతుంది. దీనివల్ల ఇన్‌ఛార్జితో కొన్నాళ్లు ముఖాలు చూసుకోలేని పరిస్థితి రావచ్చు, ఏజెన్సీ మిమ్మల్ని వేరే చోటికి మార్చవచ్చు కూడా. అప్పటికీ కోత మొదలైతే కార్మిక శాఖ కార్యాలయం ఉంది, కానీ అక్కడికి ముందే వెళితే మాట తెగిపోతుంది, ఆఖరున వెళ్లండి.

మూడోది మానేయడం. 11 ఏళ్ల పని ఒక బ్యాటరీ ట్రే దగ్గర వదిలి వెళ్లడం నాకు సబబుగా తోచలేదు. పైగా ఇప్పుడు వెళితే, ‘తప్పు చేసింది గనకే వెళ్లింది’ అనడానికి వాళ్లకు సులభం. సంజాయిషీకి జవాబు వచ్చాక, జవాబును బట్టి నిర్ణయించుకోండి. గదిని మార్చడానికి కూడా ససేమిరా అంటే మాత్రం నా మాట మారుతుంది. అప్పుడు ఆ యంత్రాన్ని మీ మనుషుల చేత ముట్టించనని రాసి ఇవ్వండి, దానికి ఉద్యోగం పోయినా సరే.

ఆ అమ్మాయి సంగతి మరవవద్దు. చెయ్యి మానిపోయిందని రాశారు, అయినా ఆ రోజు జరిగినదాన్ని ప్రమాదాల రిజిస్టరులో నమోదు చేయించి, ఏజెన్సీకి, ఈఎస్ఐ ఉంటే అక్కడికీ తెలియజేయించండి. తనను తిట్టారని, అప్పటి నుంచి యంత్రం దగ్గరికే రావడం లేదని రాశారు. కొత్త చోటు సిద్ధమైన రోజున, కళ్లద్దాలు పెట్టి, మొదటి ప్లగ్గు ఆమె చేతనే పెట్టించండి, మీరు పక్కనే నిలబడండి.

హైడ్రోమీటరు అంకెలు తీసిన తరువాత, ఏ సెల్లుకు ఏ అంకె వచ్చిందో వరుస తప్పకుండా రాసి, ఛార్జరు మీద అంటించిన రేకు మీది వివరాలు కూడా చేర్చి, నాకు మరో ఉత్తరం పంపండి. అవి చూస్తే మూడు బ్యాటరీలను నిలబెట్టవచ్చో లేదో ఇంత దూరం నుంచి కూడా చెప్పగలను.